షా పోయినంక వంటాయన

చాచా పోయిండని ఫోన్ల వచ్చింది. మా పాత సౌదీ క్యాంపోల్ల గ్రూపు ఒకటున్నది. పండుగలకు దండాలు పెట్టుకునుడు తప్ప అండ్ల ఏం ఉండదు. మెట్‌పల్లి మేస్త్రి రెండు ముక్కలు రాసిండు: 'మన వంట చాచా నిన్న పోయిండు. పట్నంల.' కింద అందరు చేతులు జోడిచ్చిన బొమ్మలు పెట్టిన్రు. నేను గూడ పెట్టిన. పెట్టి, ఫోను బోర్లేసి, దుకాండ్ల ఊకె కూసున్న. కష్టకాలంల రెండు నెలలు మాకు బువ్వ పెట్టిన మనిషికి మేము బొమ్మ పెట్టినం. సిగ్గయింది నాకు.

ఆయన పేరు నాకెర్కనే. ఈడ రాయను. క్యాంపుల గూడ ఎవ్వరు పేరు పెట్టి పిలిచింది లేదు. పొట్టి మనిషి. మీసాలకు నల్ల రంగేసుకునెటోడు, గడ్డానికి ఏసుకోకపోయేది. గదేంది చాచా అంటె, గడ్డం దేవుంది, మీసం నాది, నాదాన్ని నేను చూసుకోవాలె గద అనెటోడు. ఉల్లిగడ్డల కాడ పరమ పిసినారి. చాయ్ కాడ మాత్రం నవాబు. కూరల ఉప్పెక్కువైందని ఎవడన్న అంటె వారం దాకా వాని మొకం చూడకపోయేది, గని వానికి ముక్కలు మాత్రం ఎక్కువనే ఏసెటోడు.

మాది రాస్ తనూరాల ఒక మెయింటెనెన్సు కంపెనీ. పైపులకు రంగులు, స్కాఫోల్డింగు, గసొంటి పనులు. క్యాంపు ఊరి బయట, సముద్రం గాలి తగిలేటంత దూరంల ఉండె. మనుషులు ఎక్కువ జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల దిక్కోల్లు. నేను టైమ్ కీపర్ని, అంటె ఎవడొచ్చిండు ఎవడు రాలేదని రాసుకునెటోన్ని. చాచా హైదరాబాద్ పాతబస్తీ ఆయన. మాతోని తెలుగే మాట్లాడెటోడు, కోపమొస్తె మాత్రం ఉర్దూలకు పోయెటోడు.

చిన్నప్పుడు పట్నంల ఒక ఇరానీ హోటల్ల ప్లేట్లు కడిగి, అండ్లనే వంట నేర్చుకున్నడు. సేటు గల్లపెట్టె పైన ఇరాన్ రాజు షా ఫోటో ఉండేదట, పక్కన రాణి. పొద్దుగాల ఆ ఫోటో తుడుసుడే చాచాకు మొదటి పని. సేటు ఫార్సీ నేర్పి, వయసొచ్చినంక టెహ్రాన్ల తన చుట్టాలకు తెలిసిన ఒక పెద్ద ఆఫీసరు ఇంటికి వంటకు పంపిండు. గట్ల షా రాజ్యంల నాలుగేండ్లు ఉన్నడు చాచా, షా పోయేదాక.

గా రాజుల కథనే మాకు శుక్రారం సినిమా. నమాజు చేసొచ్చి, కిచెన్ ఎనుక నీడల కూసొని పిండి పిసుక్కుంట చెప్పెటోడు. ఇరాన్ అనే మాట మాత్రం నోట్లకెల్లి రానియ్యకపోయేది. సౌదీల ఆ పేరు తీస్తె ఎవనికి ఎట్ల ఇనపడుతదో అని భయం. గడ్డంతోని సముద్రం దిక్కు చూపిచ్చి 'ఆ ఒడ్డు' అనెటోడు. రాజుల పేర్లు గూడ లేవు. ఒకడు తండ్రి, ఒకడు కొడుకు, అదే గా ఫోటోల షా. గంతే.

తండ్రి గుర్రాల దండుల మామూలు సిపాయి. సదువు లేదు, ఆరడుగుల మనిషి. పాత రాజులను దించి తనే కిరీటం పెట్టుకున్నడు. అందరు టోపీలు పెట్టాలె, ఆడోల్లు పరదా తియ్యాలె, ఉత్తరం సముద్రం కాడికెల్లి దక్షిణం సముద్రం దాకా రైలు ఉరకాలె అన్నడు. రైలు ఉరికింది. లడాయి టైముల ఇంగ్లీషోల్లు, రష్యోల్లు వచ్చి నువ్వు దిగు అన్నరు. దిగిండు. పడవల ఎక్కిచ్చిన్రు. ఆ పడవ బొంబాయి దాక వచ్చింది గని ఇంగ్లీషోల్లు దిగనియ్యలే. చాచా సేటు వాల్ల పెదనాయిన ఉస్మానియా బిస్కెట్లు పట్టుకొని హైదరాబాద్ నుంచి బొంబాయి రేవుకు పోయి, రాజును చూడకుంటనే మర్లొచ్చి, రైల్ల ఆ బిస్కెట్లు తనే తిన్నడట. ఇది నిజమో కాదో నాకు తెల్వది. చాచా మాత్రం ఆ బిస్కెట్ల సంగతి చెప్పంగనే ఒక లోటా నీళ్లు తాగెటోడు, గొంతు ఎండినట్టు.

కొడుకు సంగతి వేరు. కొడుకును తిట్టెటోడు, ఇంకెవరన్న తిడితె ఊకోకపోయేది. కొడుకు ఒకసారి భయపడి రోముకు ఉరికిండు, అమెరికోల్లు మల్ల తెచ్చి గద్దె మీద కూసోబెట్టిన్రు. అప్పటిసంది ఆయనకు తన మనుషుల మీద నమ్మకం పోయిందని చాచా అనెటోడు. ఎడారిల గుడారాలు ఏపిచ్చి, లోకంల ఉన్న రాజులందర్ని పిలిచి దావత్ చేసిండు. వంట మాత్రం విమానాల మీద పారిస్ నుంచి తెప్పిచ్చిండు. ఈడికి రాంగనే చాచా పిండి మీద గుద్దెటోడు. సొంత దేశంల బియ్యం లేవా, కుంకుమపువ్వు లేదా, వంటోల్లు లేరా. ఆ రాజ్యం కూలింది చమురుతోని కాదు, తెల్లోల్లతోని కాదు, గా దావత్‌తోని కూలిందని ఆయన చరిత్ర. ఆ గుడారాలు నేను కండ్లార చూసిన అని గూడ ఒకసారి అన్నడు. సైట్ల పనిచేసే కాకినాడ ఇంజనీరు ఒకాయన అక్కడనే ఉండె. మీరెళ్లింది ఆ దావత్ అయిన నాలుగేళ్లకి కదండీ అన్నడు నెమ్మదిగ. చాచా మొకం చిన్నగైంది. గుడారాల కట్టెలు ఇంక అట్లనే ఉండె, కట్టెలు చూసిన అన్నడు.

క్యాలెండర్ సంగతి మాత్రం ఆయన స్వయంగ పడ్డదే. కొడుకు ఒకనాడు హుకుం ఇచ్చి, పాత రాజుల కాలం నుంచి ఏండ్లు లెక్కపెట్టాలె అన్నడు. నేను పండుకొని లేసే వరకు వెయ్యేండ్లు దాటినయి తమ్మీ, పాలు మాత్రం ఇరగలే అనెటోడు. మేము పొట్ట పట్టుకొని నవ్వేది.

మెట్‌పల్లి మేస్త్రికి ఈ కథ అందరికంటె మంచిగ సమజైంది. వాల్ల ఊర్ల గూడ దొర రాత్రికి రాత్రి గడి ఇడిసిపెట్టి పట్నం పోయిండట, అన్నలొస్తున్నరని. దొర పోతడు, గడిల పనిచేసినోల్లు ఏమైతరు చాచా అని అడిగిండు ఒక శుక్రారం. ఆ మాటకు చాచా పిసుకుడు ఆపిండు. షా తన విమానం తనే నడుపుకుంట పోయిండు, పోయేటప్పుడు ఒక డబ్బల ఆ ఒడ్డు మట్టి తీస్కపోయిండంటరు అన్నడు.

"మట్టి తీస్కపోయిండు. మనుషులను ఇడిసిపెట్టిండు."

ఇగ అక్కడ కథ బంద్. ఎప్పుడైనా అక్కడనే బంద్. షా ఈజిప్టు పోయిండు, మొరాకో పోయిండు, ఏవో దీవులకు పోయిండు, మెక్సికో, అమెరికా, పనామా, ఏ దేశపోడు ఉండనియ్యలేదని ఇంకో శుక్రారం చెప్పెటోడు. గంత పెద్ద రాజుకు గూడ ఇఖామా, అంటె ఉండనీకి కాయితం, దొర్కలే అని మేము పరాచికాలాడేది. నవ్వెటోడు. గని వంటోల్లు, మాలీలు, గేటుకాడోల్లు ఏమైన్రంటె మాత్రం పిండి తీస్కొని లోపటికి పోయెటోడు.

ఇంకో రెండు అలవాట్లుండె ఆయనకు. తాళం చెవి ముట్టకపోయేది. స్టోరు తాళం నీ కాడ పెట్టుకో చాచా అంటె, నాకియ్యకు, నీ దగ్గరనే ఉంచుకో అని చేతులు ఎనుకకు పెట్టుకునెటోడు. రెండోది, అందరు తిన్నంకనే తినెటోడు, అది గూడ నిలవడి. ఎవడన్న తినకుండ డ్యూటీకి పోతె సైటు దాక అన్నం డబ్బ పంపెటోడు. అవ్వ లెక్క ఎంబడి పడతడని ఇసుక్కునెటోల్లం.

సౌదోల్లను ఇంతమందిని పెట్టుకోవాలె, లేకపోతె కంపెనీకి ఎర్ర రంగు ఏస్తమన్న నితాకత్ వచ్చినప్పుడు మా కంపెనీ ఎట్లనో ఈదింది. ఎన్కనుంచి ఒక్కొక్క మనిషి మీద లెవీలు పడ్డంక ఈదలేకపోయింది. ముందు జీతాలు ఆగినయి. తర్వాత ఇఖామాలు రెన్యువల్ కాలే. ఇఖామా చెల్లకపోతె గేటు దాటంగనే పోలీసులు పడతరు. ఒకనాడు ముదీరు, అంటె మా క్యాంపుకు పెద్ద, దమ్మాం ఆఫీసు నుంచి కాయితాలు తెస్తనని కారెక్కిండు. చాచా కిచెన్ తలుపు కాడ నిలవడి చూసిండు. ఇగ రాడు అన్నడు. ముదీరు రాలే.

చాచా సంగతి మాకంటె వేరు. ఆయన మా కంపెనీ మనిషే కాదు. హుఫూఫ్‌ల ఖర్జూరం తోటలున్న ఒక ముసలి సౌదాయన ఇంటి వంటోడని వీసా. ఆ ముసలాయన మంచోడు, ఎక్కడన్న చేసుకో పో అని ఇడిసిపెట్టిండు. రూల్లు గట్టిగైనంక ఆయన కొడుకులు భయపడి చాచాకు ఎగ్జిట్ ఏపిచ్చిన్రు. ముసలాయన స్వయంగ ఖర్జూరం డబ్బ పట్టుకొని వచ్చి, చాచాను కావలిచ్చుకొని ఏడ్చి పోయిండు. ఎగ్జిట్ పడ్డంక రెండు నెలల లోపట దేశం ఇడువాలె. లేకపోతె జుర్మానా, తర్హీల్. తర్హీల్ అంటె ఇంటికి పంపేటోల్లను పెట్టే జైలు.

అయితె ఆ రెండు నెలలు మా క్యాంపుల చెల్లే కాయితం ఉన్నది ఆయనొక్కని కాడనే. గేటు దాటి పోగలిగేది ఆయనొక్కడే. మసీదుకు పోయి, నమాజు అయినంక గుమ్మం కాడ నిలవడి మా కోసం అడిగెటోడు. మీసాలకు రంగేసుకునే మనిషి. మొదటిసారి అడిగొచ్చిన నాడు బియ్యం సంచి కింద పెట్టి గోడ దిక్కు మల్లి చాన సేపు నిలవడ్డడు. మేము చూడనట్టు చేసినం. తర్వాత అలవాటైంది, ఆయనకు అడుగుడు, మాకు తినుడు. కరెంటు ఉన్ననాడు రొట్టెలు, లేనినాడు బయట రాళ్ల పొయ్యి మీద పప్పన్నం. ఫోనొస్తె గోడ అవుతలకు పోయి మాట్లాడొచ్చెటోడు. ఇంటికాడ అంత మంచిదేనా చాచా అంటె మంచిదే అనెటోడు. మంచిదే అన్నంక ఇంకోమాట ఎవ్వడడిగిండు?

నాకు కొద్దిగ అరబ్బీ వస్తదని నేను మక్తబ్ అమల్, అదే లేబర్ ఆఫీసుల కేసు నడిపిచ్చిన. ఎంబసీ బండి వచ్చినప్పుడే అండ్ల పోయొచ్చేది. ఎగ్జిట్లు జట్లు జట్లుగ పడుడు మొదలైంది. ఒక జట్టు పోయినప్పుడల్ల చాచా పిండి తక్కువ చేసెటోడు, గంతే తేడా. మూడో జట్టుల నా పేరొచ్చింది. గప్పటికి ఆయన గడువు ఇంక వారం ఉన్నదేమో. నేను పోయి ఆయన ముందల కూసున్న. చాచా, నాతోని రా, ఇద్దరం ఒక్క విమానంల పోదాం అన్న. ఇంకో జట్టు మిగిలింది గద అన్నడు. వాల్లు ఎట్లనో తింటరు అన్న. ఎట్ల అన్నడు.

గప్పుడు చెప్పిండు, ఎప్పుడు బంద్ చేసే కాడికెల్లి.

ఆ ఒడ్డు మీద గొడవలు ముదిరినంక ఆఫీసరు పెండ్లం పిల్లలను తీస్కొని విమానం ఎక్కిండట. రెండు నెలల్ల వస్తం, ఇల్లు చూసుకో అని తాళాల గుత్తి చాచా చేతిల పెట్టిండు. ఇంట్ల మిగిలింది చాచా, గేటుకాడి ముసలాయన. ఆ ముసలాయనకు కాలు సరిగ పడది. చాచాను కొడుకు లెక్క చూసిండు. చలికాలం, ఇంట్ల గ్యాసునూనె లేదు, వీధుల్ల తుపాకులు. షా గూడ పోయిండు. మనోల్లను ఇంటికి పంపే విమానంల ఒక సీటున్నదని కబురొచ్చింది. చెప్తె ముసలాయన ఏడుస్తడని, సంచి తీస్కపోతె అనుమానమొస్తదని, ఒట్టి చేతులతోని బయలెల్లిండు. రొట్టె తెస్త బాబా అన్నడు. మంచు పడుతున్నదని ముసలాయన తన కోటు ఇప్పి ఈయన మీద ఏసిండు. ఆయనకున్నది ఆ ఒక్క కోటే.

"ఆ కోటు మీదనే విమానం ఎక్కిన తమ్మీ. జేబుల తాళాల గుత్తి గూడ ఉండె. బొంబాయిల దిగినంక ఉడుకపోస్తుంటె గప్పుడు చూసుకున్న, కోటున్నదని."

ఆ ముసలాయన ఏమైండో తెల్వలే. సేటు ఉత్తరాలు రాపిచ్చిండు, జవాబు రాలే. షాను తిట్టనీకి నాకేం హక్కున్నదని నవ్విండు. ఆయన నవ్వితె ఎప్పుడు మేమంత నవ్వేది. ఆ పొద్దు నాకు నవ్వు రాలే. చాచా, నలబై ఏండ్ల కిందటి మాటకు ఇప్పుడు తర్హీల్‌ల కూసుంటవా అన్న కోపంగ. నాకు నిజంగనే కోపమొచ్చింది. ఆయన మీద కాదు, నా బ్యాగు అప్పటికే సర్దుకొని ఉన్నది, దాని మీద.

"నువ్వు పో. నువ్వు పోతె తప్పు కాదు. నేను పోతె తప్పు," అన్నడు.

ఆ మాట ఇన్నంక ఊపిరొచ్చింది నాకు. తప్పు కాదన్నడు గద. పొద్దుగాల బండి వచ్చింది. దారిల తిననీకి రొట్టెలు కట్టిచ్చిండు, ఎక్కిన, వచ్చిన.

ఆఖరి జట్టు ఇంకో నెలకు గని కదల్లే. వాల్లు పోయిన మర్నాడు చాచా కిచెన్ కడిగి, స్వయంగ పోయి పోలీసోల్ల ముందల నిలవడ్డడని మేస్త్రి చెప్పిండు. తర్హీల్‌ల కొన్ని నెలలున్నడు. తర్వాత పట్నం చేరిండు. ఒకసారి ఫోన్ల మాట్లాడినం. ఎట్లున్నవు చాచా అంటె మంచిదే అన్నడు. అదే మంచిదే.

పోయిండని తెలిసిన మూడో నాడు నేను పట్నం పోయిన. పాతబస్తీల సన్న గల్లి, పచ్చ తలుపు. బిడ్డ ఒక్కతే ఉన్నది. సర్కారు దవాఖానల నర్సు. తెలుగు నాకంటె మంచిగ మాట్లాడుతది. కుర్చేసింది, చాయ్ ఇచ్చింది. నేను రాస్ తనూరా క్యాంపోన్ని అనంగనే ఆమె మొకంల ఏదో మారింది. గోడ మీద చాచా ఫోటో లేదు. ఒక ముసలామె ఫోటో ఉన్నది, పాతది. అమ్మ అన్నది ఆమె.

నెమ్మదిగ చెప్పింది. అబ్బాకు ఎగ్జిట్ పడ్డ దినమే ఇంటికి ఫోన్ చేసిండట, వారంల వస్తున్న అని. గప్పటికే అమ్మ కిడ్నీలు పాడై మంచం పట్టింది. వారం పోయింది, నెల పోయింది. ఈమె దినాం ఫోన్ చేసేది. రేపు రేపు అనెటోడట. అమ్మకు సోయి తప్పుతున్నదని చెప్పిన నాడు గూడ రేపు అన్నడట. అమ్మ మంచం తలుపు దిక్కు తిప్పిచ్చుకున్నది. ఆయన తర్హీల్‌ల ఉండంగ పోయింది. ఆయన ఇంట్ల అడుగుపెట్టే వరకు నలబై దినాల ఫాతెహా గూడ అయిపోయింది. ఎందుకు రాలేదని ఎన్నిసార్లు అడిగినా ఆయన నోరిప్పలేదట, సచ్చేదాక.

నా చేతిల చాయ్ చల్లగైంది. గోడ అవుతల మాట్లాడొచ్చి పిండి ముందల కూసునే మనిషి కండ్ల ముందల మెదిలిండు. మేము చెయ్యి కడుక్కొని కూసునెటోల్లం.

ఆమె నా మొకంలకు చూసింది. "అమ్మకు బాగలేదని అబ్బా మీకు చెప్పిన్రా?" అని అడిగింది.

చెప్పలేదు. అది నిజం. గని చెప్పలేదంటె, అమ్మ సావు బతుకుల మీద ఉంటె ఎవ్వరికి చెప్పకుంట, ఎవ్వరు ఆపకుంట, తన ఇష్టంతోనే ఉండిపోయిండని బిడ్డకు నేను చెప్పినట్టు. ఎందుకుండిండో చెప్పాలంటె ఆ గేటుకాడి ముసలాయన కథ చెప్పాలె. ఎవరో పరాయి దేశపు ముసలాయన కోసం నీ అమ్మ తలుపు దిక్కు చూస్తుంటె ఇడిసిపెట్టిండని ఈమెకు ఎట్ల చెప్పేది?

"చెప్పిండు చెల్లె," అన్న. "దినాం చెప్పిండు. పోత పోత అన్నడు. మేమే పోనియ్యలే."

ఆమె అమ్మ ఫోటో దిక్కు మల్లింది. బయట ఆటో పోయిన సప్పుడు.

"ఇన్నేండ్లు నేను ఆయనతోని సరిగ మాట్లాడలే," అన్నది.

లేసి వచ్చి నా చేతిల గ్లాసు తీసుకున్నది. అండ్ల సగం చాయ్ అట్లనే ఉన్నది. లోపటికి పోయి పరదా ఏసుకున్నది. నేను కొంచెం సేపు కూసున్న. మల్ల ఎవ్వరు బయటికి రాలే. లేసి, చెప్పులు తొడుక్కొని, ఆ పచ్చ తలుపు నేనే దగ్గరికి ఏసి వచ్చిన.